మూసిన వార్డులో అత్తయ్య

మా ఇంట్లో రెండు టూత్ బ్రష్షులు ఒకే గ్లాసులో చేరిన కొన్నాళ్ళకే నన్ను పిల్లల వార్డులో పెట్టి బయటినుంచి తాళం వేశారు.

బ్రష్షుల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, కొత్త కాపురంలో నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచింది అదే. నాది పచ్చది, ఆయనది నీలం. పొద్దున లేచి చూస్తే రెండూ తలలు ఆనించుకుని నిలబడి ఉండేవి. "మా ఆయన" అని రాయడం కూడా నాకింకా కొత్తే. రాసిన ప్రతిసారీ ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరుగుతాను. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. నేనాయన్ని మొట్టమొదట చూసింది మా ఆసుపత్రి లిఫ్టు పైకప్పు కంతలోంచే. నేను లోపల ఇరుక్కుని ఉంటే, పైనుంచి తలకిందులుగా ఒక మొహం కనిపించి, "కంగారు పడకండి, పడదు" అంది. లిఫ్టు పడలేదు. నేనే పడ్డాను.

ఆ వేసవిలో ఊళ్ళో మంచినీళ్ళు చెడిపోయాయి. వాంతులు, విరేచనాలతో పసిపిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చిపడ్డారు. మా పిల్లల వార్డు పక్కనే అప్పుడే పుట్టిన పిల్లల గది. ఈ జబ్బు అక్కడికి పాకితే ఇంక చెప్పేదేముంది? అందుకని జబ్బు పిల్లలందరినీ పాత భవనం మూడో అంతస్తుకి మార్చి, ఆ అంతస్తుని మూసేశారు. ఒక్కో పిల్లకి ఒక్కరే తోడు. లోపలికి వెళ్ళిన నర్సులు కూడా వార్డు ఖాళీ అయ్యేదాకా బయటికి రాకూడదు. భోజనం తలుపు దాకా బండి మీద వస్తుంది. ఫోన్లు బయటే. పెద్ద సిస్టర్ బల్ల మీద ఒక్క ల్యాండ్‌లైన్ ఉంటుంది, అదీ ఆసుపత్రి పనికే.

"నిన్నే వేస్తున్నాను. పెళ్ళి సెలవంతా వాడేసుకున్నావుగా, ఇంకేం మిగల్లేదు నీకు," అంది పెద్ద సిస్టర్.

"మా ఆయనకి చెప్పి..."

"చెప్పు. ఆ లిఫ్టు కూడా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. నీ పెళ్ళికి ముందు అది ఇన్నిసార్లు చెడిపోయేది కాదు."

వార్డు ఒక పొడవాటి హాలు. ఒక వైపు మంచాలు, ఒక వైపు వలకొట్టిన కిటికీలు. చివర కుళాయి గది, దాని పక్కన గుడ్డలు దాచే గది. బ్లీచింగు వాసన జుట్టులోకి ఎక్కి దిగేది కాదు. కిటికీలు తెరిస్తే వడగాలి, మూస్తే ఉక్క. ఇవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది లిఫ్టు చప్పుడు. మా అంతస్తు బటనుకి టేపు అంటించేశారు. గోడ అవతల లిఫ్టు కిందినుంచి మూలుగుతూ వచ్చి, మా దగ్గర ఆగకుండా పైకి వెళ్ళిపోయేది. మళ్ళీ దిగి వచ్చి, మళ్ళీ ఆగకుండా వెళ్ళిపోయేది. దాని తాళ్ళకి నూనె పెట్టే మనిషి ఎవరో నాకు తెలుసు కదా!

సాయంత్రం డ్యూటీ అవగానే ఆయన వచ్చి కింద సైకిల్ స్టాండు దగ్గర నిలబడేవారు. అరవకూడదని రూలు. అంచేత అంతా సైగలే. ఒక రోజు మాడిన గిన్నె ఎత్తి చూపించారు. ఒక రోజు ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిన చొక్కా. నేను పైనుంచి నవ్వు ఆపుకోలేక నోట్లో మాస్కు కుక్కుకునేదాన్ని. చేతి సైగలతో "అన్నం తిన్నావా" అని అడగడం తేలికే. "నిన్న రాత్రి కల్లో మనిద్దరం బస్సులో వెళుతున్నాం, టికెట్టు నీ దగ్గరే ఉండిపోయింది" అని చెప్పడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. ఆయనకి సగం అర్థమయ్యేది. ఆ సగానికే తల ఊపేవారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం తలుపు తాళం తీసి, వాచ్‌మన్ పక్కకి జరిగాడు. భుజాన పసివాడిని వేసుకుని మా అత్తయ్య లోపలికొచ్చింది.

వాడు మా ఆడపడుచు కొడుకు. వాడు పుట్టినప్పటినుంచీ అత్తయ్య వాళ్ళింట్లోనే ఉంటోంది. ఇంట్లో వాడిని కలెక్టరు అంటారు. నెలల పిల్లాడే అయినా వాడు నోరు తెరిచాడంటే ఇంటిల్లిపాదీ చేతిలో పని వదిలి పరుగెత్తాలి. వాడితోపాటు వాళ్ళమ్మకి కూడా అదే జబ్బు తగిలి మంచం పట్టడంతో, తోడుగా అత్తయ్య రావలసి వచ్చింది.

"అమ్మాయ్, వీణ్ణి చూడు ముందు," అంది ఆవిడ. మాకిద్దరికీ ఇంకా సరిగ్గా పరిచయమే లేదు. ఆవిడ మా ఇంటికొచ్చి ఎదురుపడితే నేను గోడకి అతుక్కుపోయేదాన్ని. ఇప్పుడు ఒకే హాల్లో, ఒకే తాళం వెనక ఇద్దరం.

వాడిని మంచం మీద పడుకోబెట్టించి, నేను కాస్త దూరంగా నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తున్నాను. మాకు పెద్ద సిస్టర్ నేర్పిన పద్ధతి అది. పసిపిల్లల దగ్గర ముందు కళ్ళతో పని. పిల్లాడి రంగేమిటి, ఊపిరి ఎలా తీస్తున్నాడు, డొక్కలు ఎగరేస్తున్నాడా, మన వైపు చూస్తున్నాడా, ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా. తర్వాత చెవులు. చేతులు ఆఖర్న. ముందే ముట్టుకున్నామంటే ఏడుపు లంకించుకుంటారు, ఇంక ఊపిరి లెక్కకి అందదు.

అత్తయ్య పుస్తకాలు కుట్టే ప్రెస్సులో పనిచేసి పిల్లలని పెంచిన మనిషి. చేతులు ఊరికే ఉండటం ఆవిడకి గిట్టదు.

"ఏమిటమ్మా, పోలీసులా ఆ నిలబడటం? వాడికి పక్కకి దొర్లే ఓపిక కూడా లేదు!"

"ముట్టుకుంటే ఏడుస్తాడు అత్తయ్యా. ఒక్క నిమిషం. చూడాలి."

"పెళ్ళిచూపుల్లో నిన్ను మేమే ఇంతసేపు చూడలేదు."

పక్క మంచం దగ్గర తన కూతురికి చెంచాతో నీళ్ళు పడుతున్న దర్జీ కిసుక్కున నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది కానీ లెక్క తప్పుతుందని బిగపట్టుకున్నాను. నిమిషం అయ్యాక దగ్గరికి వెళ్ళాను. నడినెత్తిన మాడు గుంటపడి ఉంది. పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవడం లేదు. నోరెండిపోయింది. పెద్ద సిస్టర్ ఒక్క చూపు చూసి, "డ్రిప్పు" అంది.

నీళ్ళు తగ్గిపోయిన పసివాడికి నరం దొరకడం అంటే మాటలు కాదు. ఎడమచేతికి గుచ్చాను, పోయింది. కుడిచేతికి గుచ్చాను, అదీ పోయింది. చివరికి పాదం మీద దొరికింది. వాడి కాళ్ళు పట్టుకున్నది అత్తయ్యే. పట్టు వదల్లేదు. అంతా అయ్యాక గోడవైపు తిరిగి, "నా బొటనవేలంత లేదు వాడి చెయ్యి. ఎన్ని పోట్లు పొడిచావే తల్లీ," అంది. ఆవిడ నన్ను "...వే" అనడం అదే మొదలు. తిట్టిందో, దగ్గరికి తీసిందో తెలియలేదు.

ఆ తర్వాత రోజులన్నీ చెంచాల మీద నడిచాయి. ఉప్పూ పంచదార పొడి కలిపిన నీళ్ళు ఒక చెంచా, కాసేపు ఆగి మరో చెంచా. కక్కితే కాస్త ఆగి మళ్ళీ మొదలు. ప్రతి మంచం దగ్గరా అదే పని. పిల్లలు తడిపిన గుడ్డలు తోడున్నవాళ్ళు మాకు చూపించాకే బకెట్లో వెయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది వింతగా ఉండేది.

"ఉచ్చగుడ్డలు చూడ్డానికా అమ్మా మీరు అంత చదువు చదివింది?" అని దర్జీ అడిగాడు.

"అవును బాబాయ్. మీ పాప మాటలు చెప్పలేదుగా. ఇదే తన మాట."

"నేను బయట రోజుకో పెళ్ళికూతురి జాకెట్టు కుట్టేవాణ్ణి. ఇక్కడికొచ్చి గుడ్డలు ఉతికే స్థాయికి ఎదిగాను," అని నిట్టూర్చి వెళ్ళి ఉతుక్కునేవాడు.

లోపల అందరికీ మెల్లమెల్లగా పిచ్చెక్కింది. మగ్గు నాదంటే నాదని ఇద్దరు తల్లులు కొట్టుకున్నంత పని చేశారు. ఒకావిడ భోజనం బండి వచ్చినప్పుడు తలుపు సందులో కాలు పెట్టి, "ఒక్కసారి మెట్ల దాకా వెళ్ళొస్తాను, గాలి పీల్చుకుని వస్తాను" అని వాచ్‌మన్‌ని బతిమాలింది. వాడు కూడా కళ్ళు తుడుచుకుంటూనే తలుపు వేశాడు.

నాకు పిచ్చెక్కిన రోజు కూడా ఒకటుంది. ఆ సాయంత్రం ఆయన చొక్కాకి పైగుండీ ఊడిపోయి వచ్చారు. అంతే. అంతకుమించి ఏమీ లేదు. అక్కడ దారం వేలాడుతోంది. మూడంతస్తుల పైనుంచి ఆ దారం నాకు కనిపించిందంటే ఎవరూ నమ్మరు. నేను గుడ్డల గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరికేసి, ఉతికిన దుప్పట్లలో మొహం పెట్టుకుని ఏడ్చాను. మళ్ళీ తలుపు తీసేసరికి అత్తయ్య మగ్గుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

"మొహం కడుక్కో. కాటుక గడ్డం దాకా వచ్చింది."

"ఏం లేదు అత్తయ్యా, బ్లీచింగు..."

"ఆ, బ్లీచింగే. వాడికి గుండీ కుట్టుకోవడం కూడా నేర్పలేదు నేను. తప్పు నాదే."

మర్నాటి నుంచి ఆయన వచ్చే వేళకి అత్తయ్య కలెక్టరుని ఎత్తుకుని హాలు అవతలి చివరికి వెళ్ళిపోయేది. వెళుతూ వెళుతూ మిగిలిన వాళ్ళని కూడా, "ఆ కిటికీ దగ్గర ఎండ కొడుతుంది, ఇటు రండి" అని లాక్కుపోయేది. సాయంత్రం పూట, తూర్పు కిటికీలో ఎండ! ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఆ కిటికీని నాకు వదిలేశారు.

వేసవి ముదిరింది, జబ్బు తగ్గుముఖం పట్టింది. మంచాలు ఖాళీ అవుతూ వచ్చాయి. చివరికి దర్జీ కూతురు, కలెక్టరు, ఇద్దరే మిగిలారు. పాపకి అప్పుడే నయమైంది. కలెక్టరుకి డ్రిప్పు తీసేసి చెంచాలతోనే నెట్టుకొస్తున్నాం. డాక్టరు గారు ఒక సాయంత్రం తలుపు దగ్గరే నిలబడి పెద్ద సిస్టర్‌తో అన్నారు:

"ఈ పిల్లాడొక్కడే నాకు అనుమానం. రేపు పొద్దున్నకి బాగా తాగి, బాగా తడిపితే వార్డు మూసేద్దాం. అందరూ ఇళ్ళకి వెళ్ళొచ్చు. లేదంటే మళ్ళీ డ్రిప్పు, మళ్ళీ అంతా ఇక్కడే."

ఆ మాట హాలంతా పాకింది. హాలంతా అంటే ఎంతమందిమని! దర్జీ సంచి సర్దేశాడు. నేను కిటికీ దగ్గరికి పరుగెత్తి, కింద ఆయనకి, రేపు అని వేలు ముందుకి తిప్పి, ఇల్లు అని రెండు చేతులు కలిపి కప్పులా పెట్టి చూపించాను. ఆయన సైకిల్ స్టాండు చుట్టూ పరుగెత్తారు. నిజంగానే పరుగెత్తారు. వెనక్కి తిరిగితే అత్తయ్య చూస్తోంది. ఈసారి అవతలికి వెళ్ళలేదు. కలెక్టరుని ఒళ్ళో పెట్టుకుని, మమ్మల్ని చూస్తూ కూర్చుండిపోయింది.

ఆ రాత్రి డ్యూటీ పెద్ద సిస్టర్‌ది. నేను నిద్రపోయాననే చెప్పాలి; ఇంట్లో ఆ గ్లాసు ఎక్కడుందో, కిటికీ మీదా, అద్దం దగ్గరా అని ఆలోచిస్తూ ఎప్పుడో కన్ను మూతపడింది.

తెల్లవారాక డ్యూటీ మార్చుకున్నాను. పెద్ద సిస్టర్ మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. దర్జీ కూతురికి కొత్త రిబ్బను కట్టి కూర్చోబెట్టాడు. కలెక్టరు మంచం దగ్గరికి వెళుతుంటే అత్తయ్య ఎదురొచ్చింది.

"పడుకున్నాడమ్మాయ్, లేపకు. రాత్రి బాగానే తాగాడు. ఇదిగో, ఇప్పుడే తడిపాడు."

గుడ్డ చేతిలో పెట్టింది. నీళ్ళు కారేంత తడిగా ఉంది. నా గుండె ఎగిరి గంతేసింది. ఇంక అయిపోయింది, మెట్లు, వీధి, ఇల్లు! దాన్ని బకెట్లో వెయ్యడానికి రెండడుగులు వేశాను కూడా.

గుడ్డ చల్లగా ఉంది.

గ్లౌజులోంచే తెలిసింది. పిల్లాడు ఇప్పుడే తడిపిన గుడ్డ అంత చల్లగా ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. కుళాయి గదిలో నీళ్ళు చుక్క చుక్కగా పడుతున్న చప్పుడు వినిపించింది.

నేను మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నిద్రపోతున్న పిల్లాడి కళ్ళు అలా సగం తెరిచి ఉండవు. పేరు పెట్టి పిలిచాను, చప్పట్లు కొట్టాను. కనుగుడ్లు మెల్లగా నా వైపు తిరిగి, అక్కడే ఆగిపోయాయి. ఏడుపు లేదు. ఇన్నాళ్ళూ నేను దగ్గరికొస్తే చాలు, పైకప్పు ఎగిరిపోయేలా అరిచిన పిల్లాడు. మాడు మళ్ళీ గుంటపడింది. అరికాళ్ళు చల్లబడ్డాయి. వేలి గోరు నొక్కి వదిలితే తెల్లబడ్డది తెల్లగానే ఉండిపోయి, ఎప్పటికో ఎర్రబడింది.

"పెద్ద సిస్టర్!" అని కేకేశాను. "తడపలేదు. డ్రిప్పు ట్రే కావాలి."

ఆవిడ తడిమొహంతోనే పరుగెత్తుకొచ్చింది. నా చేతిలోని గుడ్డ చూసి, "తడిపాడుగా?" అంది.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అంది:

"వాడు కాదు సిస్టర్. నేనే. కుళాయి కింద పెట్టాను."

దర్జీ చేతిలోంచి దువ్వెన కింద పడింది.

"రాత్రి నుంచి తడపలేదా?"

"లేదు."

"విరేచనం?"

"తెల్లారగట్ల రెండుసార్లు నీళ్ళలా పోయాడు. ఉతికేశాను. పళ్ళొస్తున్నాయేమో అనుకున్నా. పొద్దెక్కితే వాడే తాగుతాడనుకున్నా." ఆవిడ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "మళ్ళీ సూదులంటారని... ఇంకోపక్క ఈ పిల్ల..." అని నా వైపు చూసి ఆగిపోయింది.

పెద్ద సిస్టర్ ట్రే విప్పింది. "కాళ్ళు పట్టుకోండి" అని మాత్రం అంది.

అత్తయ్య వచ్చి పట్టుకుంది.

మళ్ళీ నరం కోసం వెతికాను. గుచ్చిన చోటల్లా ఉత్తదే. మొదటిసారి దొరికిన పాదం మీద నరం పాడైపోయింది. రెండో పాదం మీద చర్మం నొక్కి, వెతికి, వదిలి, మళ్ళీ వెతికాను. అన్నిటికన్నా భయంకరమైన విషయం ఏమిటంటే, ఇంత పొడుస్తున్నా వాడు ఏడవడం లేదు. "ఏడవరా," అంది అత్తయ్య నెమ్మదిగా, వాడి చెవిలో. "ఏడవరా నాయనా. మీ అత్త పొడుస్తోంది చూడు, ఏడవరా." చివరికి పెద్ద సిస్టర్ నా మణికట్టు మీద చెయ్యి వేసి కాస్త పక్కకి జరిపి, "ఇక్కడ చూడు, కణత పక్కన" అంది. అక్కడ దొరికింది. సూది గొట్టంలో ఎర్రటి చుక్క కనిపించాక గానీ నేను ఊపిరి వదల్లేదు. సెలైన్ దిగడం మొదలైంది.

అప్పటికి ఆయన వచ్చేశారు. ఎవరిదో ఆటో అడిగి తెచ్చుకుని, కడిగించి, సైకిల్ స్టాండు పక్కనే నిలబెట్టారు. గుండీ కుట్టుకున్నారు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఇన్నాళ్ళలో ఏ సైగ చెయ్యాలో తెలియకపోవడం అదొక్కసారే. చేతులు వలకి ఆనించి, తల అడ్డంగా ఊపాను. ఆయన చాలాసేపు పైకే చూస్తూ నిలబడి, ఆటో ఎక్కి కూర్చున్నారు. వెళ్ళిపోలేదు. ఆ ఎండలో, కదలని ఆటోలో, అలాగే కూర్చున్నారు.

వాచ్‌మన్ తలుపు సందులోంచి, "దర్జీ గారిని పంపేద్దామా, ఉంచుదామా?" అని అడిగాడు.

"ఉంచు," అంది పెద్ద సిస్టర్. "ఒకడికి తిరగబెట్టింది కదా, పాపనీ కొన్నాళ్ళు చూడాలి. ఎవరూ కదలడానికి లేదు."

దర్జీ పాప రిబ్బను విప్పి, మడతపెట్టి, సంచిలో పెట్టాడు. అత్తయ్య వైపు చూడకుండానే, "పోనీలెండి అక్కయ్యా. బయట మాత్రం చల్లగా ఉందా ఏంటి?" అన్నాడు. ఆ మంచి మాటకి ఆవిడ మొహం ముడుచుకుపోయింది. తిట్టి ఉంటే తట్టుకునేదేమో.

ఆ రోజంతా మేమిద్దరం మంచానికి చెరో పక్కన కూర్చున్నాం. నేను ఊపిరి లెక్కపెట్టడం, గోరు నొక్కడం, మాడు చూడటం, మళ్ళీ మొదటికి రావడం. పొద్దుటి ఎండ కాళ్ళ మీదికి వచ్చి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాటాక ఆవిడ అంది:

"నేను పెంచిన వాళ్ళెవరికీ గుడ్డ చూసి మందివ్వలేదు. తడిపితే మార్చాం, లేకపోతే లేదు. ఇదంతా మీ ఆఫీసు గొడవ అనుకున్నా."

"నాకోసమా అత్తయ్యా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"సగం వాడి సూదుల కోసం. సగం..." ఆవిడ కిటికీ వైపు చూసింది. "ఇల్లు చేరతారుగా మీరిద్దరూ అని."

ఒక మనిషి నన్ను అంత ఇష్టపడిందని తెలియడం అంత భయంగా కూడా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

పొద్దు వాలే వేళకి కలెక్టరు కాళ్ళు తన్నుకున్నాడు. ముందు పెదవి వంకర పోయింది. తర్వాత మొహమంతా ఎర్రగా కందిపోయింది. ఆ తర్వాత వాడి నోట్లోంచి వచ్చిన అరుపుకి దర్జీ కూతురు జడుసుకుని తనూ అందుకుంది. వాడి చెంప మీదికి కన్నీటి చుక్క ఒకటి జారింది. అత్తయ్య దాన్ని తుడవలేదు. ఎక్కడికి పోతుందో చూస్తూ కూర్చుంది. వాడిని ఒళ్ళోకి తీసుకున్న కాసేపటికి ఆవిడ చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. ఆవిడ లేవలేదు, మార్చుకోలేదు, గుడ్డ అడగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తడిసిన చీరలో, చీకటి పడేదాకా అలాగే కూర్చుంది.

వాడు పూర్తిగా తేరుకోవడానికి మరికొన్ని రోజులు పట్టింది. ఈలోగా తలుపు మళ్ళీ మళ్ళీ తెరుచుకుంది. జబ్బు పోలేదు, కాస్త ఆగిందంతే. వాన పడక, నీళ్ళు మారక, ఊరి అవతలి వైపు నుంచి కొత్త పిల్లలు వచ్చారు. దర్జీ కూతురు మాత్రం రిబ్బను మళ్ళీ కట్టించుకుని వెళ్ళిపోయింది. కొత్తవాళ్ళలో ఒక పాప మరీ చిన్నది, గుప్పెడంత. తోడు వచ్చిన తల్లి మర్నాడే తనూ వాంతులతో పడిపోతే, ఆమెని కింద పెద్దల వార్డుకి దించారు. పాప ఒంటరిగా మిగిలింది.

కలెక్టరుని పంపే రోజు మా వదిన కోలుకుని తలుపు దాకా వచ్చింది. అత్తయ్య వాడిని తల్లి చేతుల్లో పెట్టింది. వాడు ఇంటికి వెళుతున్న సంగతి లోకానికంతటికీ తెలిసేలా అరిచాడు. నేను ముంగిట్లోకి కూడా వెళ్ళడానికి లేదు. లోపలే నిలబడి చెయ్యి ఊపాను. వాడి వెనకే ఆవిడా వెళ్ళిపోతుంది. ఆవిడ వెళ్ళాక వార్డులో నా మనిషి అనేది ఎవరూ ఉండరు. కొన్ని వారాల కిందట ఆవిడ ఎదురొస్తే గోడకి అతుక్కుపోయిన దాన్నే నేను!

"రండమ్మా," అన్నాడు వాచ్‌మన్. "తలుపు తెరిచి ఉంచకూడదు."

అత్తయ్య గడప మీద నిలబడి, హాలు చివర మంచం వైపు చూసింది.

"ఆ పిల్లకి ఎవరున్నారు?"

"ప్రస్తుతానికి మేమే," అన్నాను.

"మీరంటే? నువ్వు ఇక్కడో కాలు, అక్కడో కాలు." వదిన వైపు తిరిగింది. "మీ తమ్ముడికి చెప్పు, కూర మాడిస్తే అదే తినమని."

"అమ్మా! నువ్వేమిటి, మళ్ళీ లోపలికా?"

"ఇంటికొచ్చి ఏం చెయ్యను? మీ తమ్ముడు వచ్చి రోజంతా దీని గురించే వాగుతాడు. అదేదో ఇక్కడే ఉండి దీన్నే చూస్తే పోలా?"

పెద్ద సిస్టర్ వచ్చి ఆవిడని పైనుంచి కిందిదాకా చూసింది. "ఉండండి. కానీ ఈసారి..." అని మొదలుపెట్టింది.

"తెలుసు సిస్టర్," అంది అత్తయ్య, ఆ మాట పూర్తి కానివ్వకుండా.

తలుపు పడింది. బయట తాళం తిరిగింది. గోడ అవతల లిఫ్టు మమ్మల్ని దాటుకుని కిందికి దిగిపోయింది.

మర్నాడు పొద్దున నేను ఇంకో మంచం దగ్గర ఒంగి, ఒక పిల్లాడికి చెంచా పట్టిస్తున్నాను. హాలు ఆ చివర నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. అరవకూడదనే రూలు ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

"సిస్టర్! ఈ పిల్ల రాత్రి నుంచి తడపలేదు. రెండుసార్లు నీళ్ళలా పోయింది, అవీ ఉంచాను, ఉతకలేదు. పొడిగుడ్డ ఇదిగో, వచ్చి చూడు."

పొడిగుడ్డని చూసి సంతోషించిన నర్సు ఎక్కడైనా ఉంటుందా? నేను చెంచా పక్కనే ఉన్న తల్లి చేతిలో పెట్టి, ట్రే అందుకుని పరుగెత్తాను.